మీటరు పెట్టె కింద మొక్క

లిటిల్టన్‌లో ఇళ్ళు కొండను కరుచుకుని
రేవు మీదికి వేలాడుతుంటాయి.
నూట పన్నెండు మెట్లెక్కితే ఎరేనా వాళ్ళ గేటు.
రెండు నెలలకోసారి ఎక్కేవాణ్ణి,
కరెంటు మీటరు చూసి
ఒక అంకె రాసుకోడానికి.

ఆ అక్టోబరులో
మీటరు పెట్టె కింద కొత్త మొక్కొకటి
నా చెయ్యి పట్టుకుంది.
పట్టుకోడం కాదు, కుట్టింది.
మోచేతి దాకా మంట. మర్నాటికీ తిమ్మిరి.
తేళ్ళన్నీ కూడబలుక్కుని
ఒక చెట్టుగా మొలిచినట్టు
ఆకాకునా తెల్లని సూదులు.

"ఓంగాఓంగా," అంది ఎరేనా,
చుట్టాన్ని పరిచయం చేస్తున్నట్టు.
"ఈ కొండదే. నీకంటే ముందు నుంచీ ఉంది.
మా ముత్తవ్వల కంటే కూడా."

"దూలగొండిని ఎవరైనా పెరట్లో పెంచుతారా?"
కుళాయి కింద చెయ్యి పెట్టుకుని అడిగాను.

ఆమె కంచె అవతలికి గడ్డం చూపించింది.
డెన్జిల్ వాళ్ళ బడ్లియా
ఊదారంగు కంకులతో ఊగుతోంది,
ఎక్కడిదో, ఏ ఓడలో వచ్చిందో.
వేసవిలో సీతాకోకలన్నీ దాని మీదే.

"అది సారాకొట్టు," అంది.
"వస్తాయి, తాగుతాయి, పోతాయి.
మరి పురిటికి ఎక్కడికెళ్ళాలి?"

ఆమె తోట చూసినవాళ్ళు
ఇంటావిడకి ఒంట్లో బాలేదేమో అనుకుంటారు.
గోడ మీద పోహువేహువే,
ఎవరో చిక్కుముడి విప్పలేక పారేసిన ఇనప తీగలా.
రాగిరంగు బుల్లి సీతాకోకలకు అదే అన్నం.
హీబీ పొదలు రెండు, ఒకటి సగం ఎండింది.
గులాబీ ఒక్కటీ లేదు.

డెన్జిల్ కుక్క ముక్కు వాచింది.
కౌన్సిల్‌కి ఉత్తరం వెళ్ళింది.
మనిషి వచ్చాడు, చూశాడు,
చూస్తూ చూస్తూ తాకాడు,
ఆ ఫైలు ఏమైందో నాకు తెలీదు.
మొక్క చుట్టూ మాత్రం కోళ్ళ వల వెలిసింది.

డిసెంబరులో చూపించింది నాకు:
ఆకు అంచులు రెండూ దగ్గరికి లాగి
పట్టుదారంతో కుట్టుకున్న గుడారం,
లోపల గొంగళిపురుగు
తన ఇంటి గోడనే తింటోంది.
నన్ను కుట్టిన ముల్లే
దానికి తలుపు గడియ.

ఇదంతా చక్కగా నడిచిందని చెప్పను.
కాబేజీ పురుగుల్ని చంపడానికి
ఎవరో ఎప్పుడో సముద్రం దాటించి తెచ్చిన చిట్టి కందిరీగకు
శత్రువెవరో చుట్టమెవరో తెలీదు.
ఆ ఏడు పందొమ్మిది గూళ్ళు.
పదిహేనింటికి సూదిమొనంత చిల్లి, లోపల డొల్ల.
ఎరేనా ఒక్కోటీ గోటితో నొక్కి చూసింది,
పచ్చి వేరుశనగలు ఏరుతున్నట్టు.
ఏమీ అనలేదు.
మరుసటి ఏడు, తన పాత మేజోళ్ళు కత్తిరించి
పురుగులున్న కొమ్మలకి తొడిగింది.
కాళ్ళున్న చెట్టులా కనబడింది నాకు.
నవ్వాను. తనూ నవ్వింది, చేతొడుగులు తియ్యకుండా.

ఫిబ్రవరిలో, పొద్దున పదింటికి,
మీటరు అద్దం వెచ్చగా ఉందేమో,
వచ్చి దాని మీదే వాలింది కహుకురా.
ఎర్రదుప్పటి అని అర్థమట.
నల్లటి రెక్కకి అడ్డంగా నిప్పు పట్టీ,
అంచున నీలం చుక్కలు, ఇంకా తడి ఆరనట్టు.
దాని వెనక అంకెలు.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని నిలబడ్డాను.
చెయ్యి ఊపితే ఎగిరిపోయేది.
ఊపలేదు.

పుస్తకంలో 'అంచనా' అని రాసి దిగొచ్చాను.

సాయంత్రం ఆఫీసు నుంచి ఫోను.
పద్ధెనిమిదేళ్ళలో నేను అంచనా రాయడం
అదే మొదటిసారట.
"ఏం, పెట్టె తలుపు మూసి ఉందా?"

"లేదండీ," అన్నాను.
"తెరుస్తోంది. మూస్తోంది.
తెరుస్తోంది."